గెలవదని తెలిసీ ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం ఎందుకు పెడుతుంది?

ప్రధానమంత్రి చేత సభలోనే జవాబు చెప్పించడానికి. మామూలు ప్రశ్నకైతే ఆ శాఖ మంత్రి చెబితే సరిపోతుంది. అవిశ్వాసం మొత్తం మంత్రిమండలి మీద కాబట్టి ఏ విషయమైనా ఎత్తవచ్చు, ఆనవాయితీగా చివర్లో ప్రధాని మాట్లాడతారు. లోక్‌సభలో 50 మంది మద్దతుగా లేచి నిలబడితే చర్చ జరిపి తీరాలి.

2018 జూలై 20న చర్చకు వచ్చిన, అప్పటి విజయవాడ ఎంపీ కేశినేని శ్రీనివాస్ పెట్టిన తీర్మానమే చూడండి. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు పడి వీగిపోయింది. కానీ ఆంధ్రప్రదేశ్ విభజన, ప్రత్యేక హోదా గురించి ప్రధాని మోదీ సభలో మాట్లాడాల్సి వచ్చింది, ఆ మాటలు రికార్డుకెక్కాయి. అది చిన్న విషయం కాదు.

రాజ్యసభలోనూ పెట్టొచ్చని చాలామంది అనుకుంటారు. కుదరదు. రాజ్యాంగం 75(3) అధికరణ ప్రకారం మంత్రిమండలి ఉమ్మడిగా బాధ్యత వహించేది లోక్‌సభకే.