గాజువాక షెడ్డుకి ప్యాలెట్ ర్యాక్‌లు: ముందు నేల చూడండి, తర్వాత కింది మీటరు

మీరు అడిగింది ఇది: గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ఒక్కో ప్యాలెట్ (ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తే, సరుకు పేర్చే పలక) సరుకుతో కలిపి టన్ను బరువు. నేల మీద ఒక వరుస, దానిపైన నాలుగు లెవెల్స్ ఉండే ర్యాక్‌లు కావాలి. మూడు కొటేషన్లు వచ్చాయి, ధరల్లో చాలా తేడా ఉంది. ఏది తీసుకోవాలి, తర్వాత ఎలా చూసుకోవాలి, సెకండ్ హ్యాండ్ అయితే పర్లేదా?

విశాఖలో గోడౌన్లు చూసుకునే పనిలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నా. కొటేషన్లు కాసేపు పక్కన పెట్టి, ముందు నేల సంగతి తేల్చుకోండి. ర్యాక్‌కి వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం నేల నుంచి మొదటి మీటరు ఎత్తులోనే మొదలవుతాయి.

లెక్క చూడండి. రెండు ఫ్రేముల (నిలువు చట్రాల) మధ్య ఉన్న బేలో నాలుగు లెవెల్స్, లెవెల్‌కి రెండు ప్యాలెట్లు, అంటే 8 టన్నులు. నేల మీద పెట్టే వరుస బరువు ర్యాక్ మీద పడదు, దాన్ని వదిలేయండి. మధ్యలో ఉండే ప్రతి ఫ్రేము ఇటు బేలో సగం, అటు బేలో సగం మోస్తుంది కాబట్టి దాని మీద 8 టన్నులు. ఫ్రేముకి రెండు కాళ్లు, వీటినే అప్‌రైట్‌లు అంటారు. ఒక్కో కాలి మీద 4 టన్నులు, అదంతా అరచెయ్యంత బేస్ ప్లేటు మీదుగా నేలలోకి దిగాలి. వీపుకి వీపు ఆనించి రెండు వరుసలు వేస్తే, ఇలాంటి కాళ్లు రెండు, జానెడు దూరంలో పక్కపక్కనే నిలబడతాయి.

అద్దె షెడ్డుల్లో చాలావాటికి పల్లం మట్టితో నింపి, పైన పలచగా కాంక్రీటు పోసి, నున్నగా ఫినిష్ చేసి ఇస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఓనర్ చెప్పిన మందం నమ్మకండి. రెండు మూడు చోట్ల కోర్ (కాంక్రీటులోంచి గుండ్రంగా కోసి తీసే నమూనా) తీయించి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. ర్యాక్‌ని నేలకి బిగించే యాంకర్ బోల్ట్ పట్టు కూడా ఆ మందం మీదే ఆధారపడుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట బేస్ ప్లేటు కింద ఎత్తు సరిచేసే స్టీలు షిమ్ ప్లేట్లే వేయించాలి. చెక్క ముక్కలు, టైల్ పెంకులు పెట్టిన ఫిట్టర్లను నేను చూశాను, అలాంటివాళ్లకి బిల్లు పాస్ చేయకండి.

ఇప్పుడు కొటేషన్లు. కిలో రేటు చూసి పోలిస్తే ఏమీ తెలియదు. ముగ్గురికీ ఒకే ప్రశ్నలు పంపండి: స్టీలు గ్రేడు ఏంటి, అప్‌రైట్ మందం ఎంత, బీమ్ జత (ప్యాలెట్లు కూర్చునే అడ్డ దూలాలు) ఎంత మోస్తుంది, ఫ్రేము ఎంత మోస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా మొదటి బీమ్ ఎంత ఎత్తులో ఉంటే ఆ ఫ్రేము అంత మోస్తుంది? ఈ చివరి ప్రశ్నకి జవాబు లేని కొటేషన్ ఎంత చవకైనా పక్కన పెట్టేయండి.

ఎందుకంటే ర్యాక్ బలం ఒక స్థిరమైన అంకె కాదు. నేల నుంచి మొదటి బీమ్ దాకా ఉన్న అప్‌రైట్‌ని బీమ్‌ల వెంట వంగకుండా పట్టుకునేది ఏదీ ఉండదు. ఆ పొడవు పెరిగేకొద్దీ అది వంగిపోవడం తేలికవుతుంది. సిద్ధాంతం ప్రకారం సన్నటి స్తంభం మోయగలిగే బరువు పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 1.5 మీటర్లలో ఉన్న బీమ్‌ని 2 మీటర్లకి జరిపితే లెక్కలో 56 శాతమే మిగులుతుంది. బీమ్ కనెక్టర్ బిగింపు వల్ల అసలు ర్యాక్‌లో అంకె కొంత మారొచ్చు గానీ, బాగా తగ్గడం మాత్రం ఖాయం. ఒకసారి పొడుగు లోడ్ వచ్చిందని మా సూపర్‌వైజర్ బీమ్ ఊడిపోకుండా ఆపే లాక్ పిన్‌లు తీసి, రబ్బరు సుత్తితో బీమ్‌లు పైకి జరిపేశాడు. అడిగితే "ఏటీ అవదు సార్, గట్టిగానే ఉంది" అన్నాడు. ఆ బేలు అప్పటికప్పుడే ఖాళీ చేయించాను. బీమ్ జరపాలంటే కంపెనీ నుంచి కొత్త లోడ్ టేబుల్ (బీమ్ ఏ ఎత్తులో ఉంటే ఎంత మోస్తుందో చెప్పే పట్టిక) తెప్పించి, బే చివర ఉన్న లోడ్ బోర్డు మార్చాకే. ఆ బోర్డు తెలుగుతో పాటు హిందీ, ఒడియాల్లో కూడా ఉండాలి, మన దగ్గర డ్రైవర్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు కదా.

సైజుల విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. మీది 1200×1000 ప్యాలెట్ అయి, 1000 వైపు ముందుకి వచ్చేలా పెడితే, 2300 మిల్లీమీటర్ల బీమ్, 1000 లోతు ఫ్రేము సరిపోతాయి. ఫుల్ లోడులో ఆ బీమ్ వంగుడు పొడవులో 200వ వంతు, అంటే 11.5 మిల్లీమీటర్లు దాటకూడదు. నడవ వెడల్పు మాత్రం మీ బండిని బట్టి. మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌కి దాదాపు మూడున్నర, నాలుగు మీటర్లు, ఇరుకు నడవలో ఫోర్కులు ముందుకి చాచే రీచ్ ట్రక్‌కి మూడు మీటర్ల లోపు. బండి ఖరారు కాకుండా లేఅవుట్ ఖరారు చేయకండి.

తుప్పు సంగతికి వద్దాం, ఇది మన ఊరి సొంత టెన్షన్. సముద్రపు ఉప్పు గాలి, పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము, రెండూ బేస్ ప్లేటు చుట్టూ చేరి తేమని పట్టి ఉంచుతాయి. పౌడర్ కోటింగ్ లేచేది ముందుగా అప్‌రైట్‌లో బీమ్ కొక్కెం దూరే స్లాట్ అంచుల దగ్గర, ఫోర్కు గీసుకున్న చోట. 2 మిల్లీమీటర్ల రేకులో అర మిల్లీమీటరు తుప్పు తినేస్తే నాలుగో వంతు పోయినట్టే. పొడి సరుకుకి మంచి పౌడర్ కోటింగ్ చాలు. రొయ్యలు, కోల్డ్ స్టోరేజీ లాంటి పని అయితే హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి తీసినది) తప్ప ఇంకోటి వద్దు. నేల కడిగినప్పుడు కాళ్ల దగ్గర నీళ్లు నిలవనీయకండి. తుప్పు చుక్క కనబడగానే వైర్ బ్రష్, జింక్ రిచ్ ప్రైమర్, పైన పెయింటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి పైరేకులు ఎగిరిపోయిన షెడ్డుల్లో, తడిసిన సరుకు గురించే అందరూ ఏడ్చారు, బేస్ ప్లేట్లను ఎవరూ పట్టించుకోలేదు. తుపాను తర్వాత యాంకర్ బోల్ట్‌లతో సహా అన్నీ చూసుకోవాలి.

మెయింటెనెన్స్‌కి యూరప్ వాళ్ల ర్యాక్ ప్రమాణం ఈఎన్ 15635 పద్ధతినే నేను పాటిస్తాను. వారానికోసారి మన మనిషి నడిచి చూడాలి, ఏడాదికోసారైనా నిపుణుడు రావాలి. కావాల్సిన పనిముట్టు ఒక మీటరు పొడవు, వంకర లేని పట్టీ. దెబ్బ తగిలిన చోట అప్‌రైట్‌కి ఆనించి సందు కొలవండి. బీమ్‌ల వెంట వంగితే 5 మిల్లీమీటర్లు, ఫ్రేము లోతు వైపు వంగితే 3, బ్రేసింగ్ (ఫ్రేము రెండు కాళ్లని కలిపే కడ్డీలు) అయితే 10 వరకు పర్లేదు. అది దాటితే ఖాళీ అయ్యాక మళ్లీ నింపకుండా నాలుగు వారాల్లో మార్పించాలి. రెట్టింపు దాటితే ఇక ఆగకూడదు, వెంటనే సరుకు దించేయాలి. లాక్ పిన్‌లు కూడా చూడండి. పోయినచోట మేకు దూర్చేస్తుంటారు.

డ్రైవర్ గుద్దితే జీతంలో కోత పెట్టకండి. కోత ఉన్నచోట ఎవరూ చెప్పరు, సొట్ట ప్యాలెట్ వెనక దాగిపోతుంది. నడవల మూలల్లో కనీసం 400 మిల్లీమీటర్ల ఎత్తు కాలమ్ గార్డులు నేలకి బిగించండి, అప్‌రైట్‌కి తగలకుండా సందు వదలాలి.

వంగిన అప్‌రైట్‌ని గ్యాస్‌తో వేడి చేసి సాపు చేయడం, ముక్క అతికించి వెల్డింగ్ చేయడం వద్దే వద్దు. ఆటోనగర్‌లో గేటు దాటితే వెల్డింగ్ షాపే కాబట్టి చెయ్యి లాగుతుంది. కోల్డ్ రోలింగ్‌లో (వేడి చేయకుండా రేకుని వంచడంలో) వచ్చిన బలం వేడికి తగ్గిపోతుంది, పైగా కంపెనీ గ్యారంటీ పోతుంది. సరుకు దించి, అదే కంపెనీ పార్టు తెప్పించి మార్చండి.

ఇక సెకండ్ హ్యాండ్. తయారీ కంపెనీ ఏదో తెలిసి, డ్రాయింగు, లోడ్ టేబుల్ రెండూ ఇస్తే, ప్రతి అప్‌రైట్‌నీ పట్టీతో కొలిచి తీసుకోవచ్చు. రెండు కంపెనీల బీమ్, అప్‌రైట్ కలిపి అమ్ముతుంటే మాత్రం కొక్కెం స్లాట్‌లో కూర్చున్నట్టే కనిపించినా తీసుకోకండి, ఆ జోడీకి ఎవరూ లెక్క కట్టి ఉండరు. మీరు చెప్పిన లోడ్‌కైతే నేను కనీసం అప్‌రైట్‌లైనా కొత్తవే కొంటాను. ఆ మూడు కొటేషన్లలో ఫ్రేము లోడ్ ఎంత రాశారో, మొదటి బీమ్ ఎత్తు ఎంత ఇచ్చారో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.