శాలిహోత్రం – సలోత్రి

సందేహం: మా తాతగారు పశువుల డాక్టరును ‘సలోత్రి’ అనేవారు. ఇది ఉర్దూ మాటేనా? పశువైద్యాన్ని ‘శాలిహోత్రం’ అనవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: సలోత్రి మనకు ఉర్దూ మీదుగానే వచ్చింది. అయితే దాని పుట్టిల్లు సంస్కృతం. గుర్రాల వైద్యానికి ఆద్యుడిగా శాలిహోత్రుడనే మునిని చెబుతారు. ఆయన శాస్త్రం శాలిహోత్రం, అది తెలిసినవాడు శాలిహోత్రి. ఉత్తరాదివారి నోట శకారం సకారమై, హకారం జారిపోయి సాలోత్రి, సలోత్రి అయింది. బ్రిటిషువారి సైన్యంలోనూ గుర్రాలకు మందిచ్చేవాళ్లను ఈ పేరుతోనే పిలిచారు.

శాలి అంటే వరి, హోత్రం అంటే ఆహుతి. ‘వరిని ఆహుతిగా పొందేది’ అని విడదీసి, శాలిహోత్రానికి గుర్రమనే అర్థం కూడా చెప్పారు నిఘంటుకారులు. గుర్రం పేరు మునికి వచ్చిందా, ముని పేరు గుర్రానికి అంటిందా? రెండోదే సబబేమో అనిపిస్తుంది నాకు.

పంచతంత్రంలో గుర్రపుశాల తగలబడిన కథ ఉంది కదా. ఒళ్లు కాలిన గుర్రాల కోసం రాజు వైద్యులను పిలిపిస్తే, కోతికొవ్వు రాస్తే తగ్గుతుందని శాలిహోత్రుడే చెప్పాడంటారు వాళ్లు. పాపం, కోతుల ప్రాణం మీదికొచ్చింది! అక్కడా ప్రసక్తి గుర్రాలదే. ఇక భారతం చూడండి. విరాటుడి కొలువులో గుర్రాల శిక్షణ, చికిత్స నకులుడివి, ఆలమందలు సహదేవుడివి. అజ్ఞాతవాసంలో మారుపేర్లతో తిక్కనగారు చూపిన దామగ్రంథి, తంత్రీపాలుడు వీళ్లే. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు. ఏనుగుల వైద్యానికి పాలకాప్యుడు వేరే ఉన్నాడు.

కాబట్టి గేదెకు గాలికుంటు వస్తే చేసే వైద్యాన్ని శాలిహోత్రమనడం కొంచెం సాగదీయడమే. లక్షణార్థమని, అంటే అసలు అర్థాన్ని విస్తరించి వాడటమని, ఎవరైనా సమర్థిస్తే కాదని వాదించను. సలోత్రి సంగతి వేరు. వాడుకలో అది అన్ని పశువులకూ విస్తరించింది, నిస్సంకోచంగా అనండి.

నాకు కష్టం కలిగించేది ‘వెటర్నరీ పశువైద్యశాల’ అనే బోర్డు. ఒకే మాట రెండుసార్లు ఎందుకండీ? మనుషులకూ పశువులకూ వేర్వేరుగా చికిత్స ఏర్పాటు చేశానని అశోకుడు రెండో శిలాశాసనంలో చెప్పుకొన్నాడు. అది మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉంది. క్రీస్తుకు పూర్వమే పశుచికిత్స అనే మాట ఉన్న దేశంలో ‘వెటర్నరీ’ తోడు లేనిదే ‘పశువైద్యశాల’ నిలబడదా?