మీ ప్రశ్న – మా జవాబు: పట్టుచీరల బిజినెస్, నెట్‌ఫ్లిక్స్ ధైర్యం

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్‌లో ‘గర్ల్‌బాస్’ చూశాను. పాత బట్టలు కొని ఆన్‌లైన్‌లో అమ్ముతూ కంపెనీ పెట్టేసిన అమ్మాయి కథ. మా బంధువుల ఇళ్లలో పట్టుచీరలు బీరువాల్లో మూలుగుతున్నాయి. వాటిని కొని లాంగ్ ఫ్రాకులు, లంగా ఓణీలు కుట్టించి ఇన్‌స్టాలో అమ్మాలనుంది. బీకాం అయింది, ఇంట్లో మాత్రం బ్యాంకు కోచింగ్‌కి నెల్లూరు పొమ్మంటున్నారు. సిరీస్‌లో లాగా నిజంగా జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కొంత జరిగింది కాబట్టే సిరీస్ తీశారమ్మా. సోఫియా అమొరూసో అనే ఆవిడ 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈబేలో పాత బట్టలు అమ్మడం మొదలుపెట్టి ‘నాస్టీ గ్యాల్’ కంపెనీ పెట్టింది. 9 డాలర్ల జాకెట్‌ని 600 డాలర్లకు పైగా అమ్మే సీను చూసి మీకు హుషారొచ్చి ఉంటుంది, ఎవరికైనా వస్తుంది. కానీ కామెడీ కదా, సొంత వెబ్‌సైట్ తెరిచేసరికి కథ ఆపేశారు. అసలు కంపెనీ 2016 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది, మరుసటి ఏడాది బూహూ అనే బ్రిటన్ కంపెనీ ఆ బ్రాండ్‌ని 2 కోట్ల డాలర్లకు కొనేసుకుంది. సిరీస్ వచ్చింది ఆ తర్వాత, 2017 ఏప్రిల్‌లో! అమ్మకాలు లేక మునగలేదు, 2012లోనే దాదాపు 10 కోట్ల డాలర్ల అమ్మకాలున్నాయి. ప్రకటనలకీ, షోరూములకీ ఖర్చు పెరిగిపోయింది.

ఇక మన దగ్గర అసలు చిక్కు వేరే. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునే మన ఇళ్లలో, ఎవరో కట్టి విడిచిన చీరతో కుట్టిన ఫ్రాకుని డబ్బిచ్చి కొనేవాళ్లు తక్కువే. అదే వాళ్లమ్మ పెళ్లి చీరైతే? ఎగిరి గంతేసి కుట్టించుకుంటారు. అందుకే మీరు చీరలు కొనొద్దు, కస్టమర్ చీరే తెప్పించుకుని డిజైన్‌కీ కుట్టుకూలీకీ తీసుకోండి, సగం అడ్వాన్సుగా. అప్పుడు మీ డబ్బు సరుకులో ఇరుక్కోదు. చీర రాగానే విప్పి వెలుతురుకి పట్టి చూడండి, పాత పట్టు మడతల దగ్గర చీకిపోయి ఉంటుంది, అక్కడ ఫొటో తీసి వాళ్లకి పంపాకే కత్తెర పెట్టించండి, లేకపోతే చించింది మీరేనంటారు. టైలర్ పండగల ముందు చేతులెత్తేస్తాడు, ఇద్దరిని చూసుకోండి. హైదరాబాద్ ఆర్డరంటే వేరే రాష్ట్రం కాబట్టి జీఎస్టీ సంగతి ముందే కనుక్కోండి (బీకాం కదా, నాకంటే మీకే బాగా తెలియాలి). కోచింగ్ మానక్కర్లేదు. నెల్లూరులో టైలర్లకీ కొదవలేదు.

ప్రశ్న: అదే సిరీస్‌ని పదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి చూడొచ్చా? రెండో సీజన్ ఎప్పుడు?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: వద్దండీ, బూతులు ఎక్కువ, పెద్దలకని రేటింగ్ ఇచ్చారు. రెండో సీజన్ లేదు, 13 ఎపిసోడ్లతోనే రద్దు చేసేశారు.