1080 టీఐ తీసేసి 4060 కొనాలా?

"జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు వాడుతున్నాను, ఆర్‌టీఎక్స్ 4060కి మారితే స్పీడు ఎంత పెరుగుతుంది?" అని అడిగారు. పెద్దగా పెరగదు. రెండూ ఎన్‌విడియా కంపెనీవే, ఒకటి 2017 మార్చిలో వచ్చింది, ఇంకోటి 2023 జూన్‌లో. మధ్యలో ఆరేళ్లు గడిచినా రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల్ని నిజంలా లెక్కగట్టి చూపించడం) లేని మామూలు గేముల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, 4060 కాస్త ముందు. కరెంటు బిల్లు మాత్రం తగ్గుతుంది.

మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది. కానీ ఈ రెండు కార్డుల్నీ ఒకే క్యాబినెట్‌లో మార్చి మార్చి చూసినవాణ్ణి కాబట్టి ఇంకొంచెం చెప్తాను.

నాది ఖమ్మంలో పెళ్లి వీడియోల మిక్సింగ్. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మారి, కార్డులతో మైనింగ్ చేసేవాళ్ల (లెక్కలు చేయించి ఆ కాయిన్లు సంపాదించేవాళ్ల) గిరాకీ పడిపోయాక, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ కార్డులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. నా 1080 టీఐ అప్పటిదే. "మైనింగ్‌లో వాడింది కాదన్నా, ఒట్టు" అన్నాడు అమ్మినవాడు. అందరూ అలాగే అంటారు. వాడితే ఏం పోయింది? చిప్ వేడి లాగే పేస్టు, ప్యాడ్లు మార్పించాను, ఇవాళ్టికీ నడుస్తోంది.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు కొత్తగా 4060 కొనుక్కుని, ఎండాకాలం సెలవులకు సీపీయూతో సహా దిగాడు. వచ్చీ రాగానే నా క్యాబినెట్‌లోకి తొంగి చూసి "ఏంది మామా, ఇంకా ఈ ఇటుకనే వాడుతున్నవా?" అన్నాడు. అప్పుడు వైశాఖం ముహూర్తాల ఫుటేజీ నెత్తిమీద ఉంది. మూడు కెమెరాలు, సోనీ ఏ7 ఫోర్, ఫోర్‌కే, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే పద్ధతి), హెచ్.265 (వీడియోను బాగా కుదించే పద్ధతి). ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో మూడు కెమెరాలూ కలిపి మల్టీక్యామ్ పెట్టి ప్లే కొడితే సన్నాయి ఆగకుండా మోగుతోంది, బొమ్మ మాత్రం బిగుసుకుపోతోంది. పెళ్లికూతురు దోసిలి ఎత్తుతుంది, అక్కడే ఆగుతుంది. మళ్లీ కదిలేసరికి తలంబ్రాలు పెళ్లికొడుకు భుజం మీద ఉన్నాయి. పడటం అనేది ఎక్కడా లేదు. అది చూడకుండా కట్ ఎక్కడ పెట్టాలి?

"పాత కార్డు కదా మామా, అందుకే" అని వాడే స్క్రూలు విప్పి 4060 బిగించాడు. డ్రైవర్ వేశాం, ప్లే కొట్టాం. అదే దోసిలి, అదే ఆగడం.

టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. ప్రాసెసర్ వందకు వంద. కార్డు దగ్గర "వీడియో డీకోడ్" గీత నేలకు అతుక్కుని ఉంది. లక్ష పెట్టి కొన్నా కార్డుకు ఆ పనే చేతకాకపోతే ఏం లాభం? అలా కుదించిన వీడియోను విప్పడానికి (డీకోడ్ అంటే అదే) కార్డులో వేరే సర్క్యూట్ ఉంటుంది, గేములు ఆడించే కోర్‌లకూ (లెక్కలు చేసే చిన్న యూనిట్లకూ) దానికీ సంబంధం లేదు. ఎన్‌విడియా కార్డుల్లో 4:2:2 విప్పడం 50 సిరీస్‌తోనే (5060, 5070 లాంటివి) వచ్చింది. అంటే 1080 టీఐకి ఎంత రాదో, 4060కి కూడా అంతే రాదు. 40 సిరీస్‌లో అన్నిటికన్నా పెద్దదైన 4090 పెట్టినా అంతే.

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు 11వ తరం నుంచే ఆ విద్య వచ్చు. నాది ఐ5-12400. బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి లోపలి గ్రాఫిక్స్ ఆన్ చేశాను, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద ఇంటెల్‌కి టిక్ పెట్టాను, మళ్లీ తెరిచి ప్లే కొట్టాను. తలంబ్రాలు గింజ గింజా రాలాయి. మావాడు ముఖం అదోలా పెట్టి, "ప్రాసెసర్‌తో ఊరికే వచ్చేదా?" అని అడిగాడు. అవునురా, ఊరికే వచ్చేదే.

ఇక్కడ షాపులవాళ్లను ఓ మాట అనాలి. ఎడిటింగ్‌కి సిస్టమ్ కావాలని చెప్పి మరీ వెళ్తే, పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ అంటగడతారు. ఆ ఎఫ్ అంటేనే లోపల గ్రాఫిక్స్ లేదని. కొంచెం తక్కువకు వస్తుంది, ఆ మిగిలిన డబ్బుతో లైట్లు తిరిగే ఫ్యాన్లు పెడతారు. మా లైన్‌లో ఎంతమంది ఇలా ఇరుక్కున్నారో!

సరే, మళ్లీ కార్డుల దగ్గరికి వద్దాం. కోర్‌ల లెక్క చూసి కొనేవాళ్లు ఒక్కటి గమనించండి. 1080 టీఐకి 3584 కోర్‌లు, 3060కి కూడా సరిగ్గా 3584, 4060కి 3072. ఈ అంకెల్లో ఏముంది? ఒక్కో తరంలో కోర్ లోపలి కట్టుబడే వేరు. మెమరీ సంగతి మాత్రం చూడాలి. 1080 టీఐది 11 జీబీ, సెకనుకు 484 జీబీ వేగం. 4060ది 8 జీబీ, 272. కొత్త కార్డులో మెమరీ దారిని అంత ఇరుకు చేసి, చిప్ లోపల 24 ఎంబీ క్యాష్ (చిప్‌కు దగ్గరగా ఉండే వేగమైన చిన్న మెమరీ) పెట్టి సర్దారు. గేముల్లో ఆ సర్దుబాటు బాగానే పనిచేస్తుంది. నేను ఫోర్‌కేలో రాత్రి బరాత్ ఫుటేజీకి నాయిస్ తీసేటప్పుడు మాత్రం 8 జీబీ చాలలేదని మొరాయించింది. పాతది నోరెత్తకుండా చేసింది.

ఇంకో మెలిక, 4060కి స్లాట్ నిండా 16 లేన్లు (డేటా వెళ్లే దారులు) వాడుకునే ఏర్పాటు లేదు, ఎనిమిదే. మీ మదర్‌బోర్డు స్లాట్ పాత పీసీఐఈ 3.0 రకం అయితే, మెమరీ నిండినప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. రివ్యూలన్నీ ఖరీదైన కొత్త బోర్డుల మీద, ఏసీ గదుల్లో చేస్తారు. మే నెలలో ఖమ్మంలో చేయమనండి చూద్దాం.

ఆ వేడి దగ్గరే 4060కి దండం పెట్టాలి. 1080 టీఐ 250 వాట్లు తాగుతుంది, ఇది 115. మధ్యాహ్నం మా గదిలో పాతది 84 డిగ్రీలు తాకి తనంతట తనే స్పీడు తగ్గించుకునేది, కరెంటు పోయిందంటే యూపీఎస్ గోల పెట్టేది. కొత్తది పెట్టిన రోజుల్లో ఫ్యాన్ శబ్దమే వినపడలేదు.

పేర్ల గోల వేరే. 2016లో 1060 అని ఒకే పేరుతో 3 జీబీ, 6 జీబీ రెండు అమ్మారు. తేడా మెమరీ ఒక్కటే అనుకున్నారు జనం, కోర్‌లు కూడా కోశారు. 2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ స్టేజీ మీద 5070లో 4090 పెర్ఫార్మెన్స్ అన్నాడు. ఏఐతో మధ్యలో ఫ్రేములు పుట్టించి లెక్కేస్తే వచ్చిన మాట అది. ఆ పుట్టించిన ఫ్రేములు నా టైమ్‌లైన్‌లో తలంబ్రాలు రాలుస్తాయా?

మీరు ఇప్పుడు ఆడే గేములు బాగానే నడుస్తుంటే 1080 టీఐ తీయకండి. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ లాంటి గేములకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి, మీ కార్డులో అది లేదు. పైగా 2025 అక్టోబరుతో ఆ తరానికి గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి, ఇక 2028 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లే. ఇవి ఇబ్బంది అనిపిస్తే మారండి, కానీ 4060కి కాదు. 5060 టీఐ 16 జీబీ చూడండి, 4:2:2 కూడా విప్పుతుంది. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, బిల్లు వేయించేముందు డబ్బా మీద అంకె చదువుకోండి.