పవర్ డిక్కీ కోసం లక్షన్నర ఎక్కువ పెట్టొచ్చా? రెండూ వాడినదాన్నిగా నా జవాబు

విజయవాడ పటమటలో మీ ఫ్లాట్, సెల్లార్ పార్కింగ్, మీ అమ్మగారికి కుడి భుజం నొప్పి, కొనబోయే కారులో పవర్ డిక్కీ (బటన్ నొక్కితే మోటారుతో అదే తెరుచుకుని మూసుకునేది) ఉన్న వేరియంట్‌కి లక్షన్నర తేడా. ఆ డబ్బు దండగా కాదా అని అడిగారు. నేనుండేది గుంటూరు బ్రాడీపేటలో. ఇంట్లో పచ్చళ్లు పట్టి ఊళ్లకు పార్సిల్ చేస్తాను కాబట్టి రోజుకు నాలుగైదు సార్లు డిక్కీ తీసి వేయడం నా పనిలో భాగం. చేత్తో వేసే డిక్కీతో ఏడేళ్లు, బటన్ డిక్కీతో మూడేళ్లు గడిపాను.

అందరూ డిక్కీ తెరుచుకోవడం చూసి ముచ్చటపడతారు. అసలు కష్టం వేయడంలో ఉంది. చేత్తో తీసేదైనా కాస్త లేపితే చాలు, రెండు పక్కలా ఉన్న గ్యాస్ షాకర్లు మిగతాది పైకి తీసుకుపోతాయి. దించేటప్పుడు మాత్రం చెయ్యి తల పైకి చాపి, ఆ షాకర్ల బలానికి ఎదురు లాగాలి. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. పాత బండికి మునివేళ్ల మీద నిలబడితే గానీ పిడి అందేది కాదు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు సరిగ్గా ఆ చెయ్యెత్తి కిందికి లాగే కదలికే ప్రాణం తీస్తుంది. మా అత్తయ్యకు భుజం పట్టేసిన ఏడాది ఇది దగ్గరుండి చూశాను. ఆవిడ డిక్కీ తీసి సంచులు పెట్టేసి, వేయడానికి వాచ్‌మన్ కోసం ఎదురుచూస్తూ నిలబడేది.

ఆరో ఏడు షాకర్లు మెత్తబడ్డాయి. వాటిలో ఉండేది ఒత్తిడితో నింపిన నైట్రోజన్. సీలు అరిగే కొద్దీ కొంచెం కొంచెంగా కారిపోతుంది. చలికి గ్యాస్ ఒత్తిడి ఇంకా తగ్గుతుంది కాబట్టి సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే తలుపు మెల్లగా కిందికి దిగేది, మధ్యాహ్నం ఎండెక్కాక బాగానే నిలబడేది. నేను అది పట్టించుకోలేదు. ఒకరోజు అట్టపెట్టె సర్దుతుంటే వీపు మీదకు దిగింది. మెకానిక్ రెండు షాకర్లూ కలిపి మార్చాడు, రెండు వేల లోపే అయింది. అరగంట పని కూడా కాదు. చేత్తో వేసే డిక్కీకి ఉన్న గొప్ప సుఖం ఇదే. పాడైతే ఏ వీధి చివర మెకానిక్ అయినా బాగుచేస్తాడు.

ఇప్పటి బండికి బటన్ ఉంది. ఆవకాయ సీజన్‌లో దాని విలువ తెలిసింది. చేతులు ఎన్నిసార్లు కడిగినా కారం, నూనె పోవు. రెండు చేతులా పెట్టెలతో బస్టాండ్‌లో ఆర్టీసీ కార్గో కౌంటర్ దగ్గర దిగుతాను. పెట్టెలు దించాక తలుపు అంచున ఉన్న బటన్ ఒక్కసారి నొక్కి కౌంటర్ వైపు నడిచిపోతాను, వెనకాల అదే మూసుకుంటుంది. మా అత్తయ్యకు ఆ బటన్ కూడా అందదు. అందుకని డ్రైవర్ సీటు దగ్గరున్న స్విచ్, తాళం మీదున్న బటన్ చూపించాను. ఇప్పుడు రైతుబజారుకి వెళ్లినా ఎవరినీ పిలవదు.

బంపర్ కింద కాలు ఆడిస్తే తెరుచుకోవడం గురించి సేల్స్‌మన్ చాలా చెబుతాడు. దాన్ని చూసి డబ్బు పెట్టకండి. తాళం దగ్గరుండాలి, కాలు తిన్నగా లోపలికి పెట్టి చటుక్కున వెనక్కి తీయాలి. చీర కుచ్చిళ్లతో నాకు మూడుసార్లకు ఒకసారి పనిచేస్తుంది. బరువు పట్టుకుని, తడి సెల్లార్‌లో ఒంటికాలి మీద నిలబడడం పెద్దవాళ్లకు అసలు మంచిది కాదు. అమ్మగారిని ఆ పని చేయనివ్వకండి. తాళం కొంగున ఉండగా బండి కడిగితే నీళ్ల ధారకు కూడా తెరుచుకోవచ్చు. మా ఇంట్లో రెండుసార్లు అయింది. కడిగేటప్పుడు తాళం ఇంట్లో పెట్టడమో, మెనూలో ఆ ఫీచర్ ఆపేయడమో చేయాలి.

సెల్లార్ గురించి గట్టిగా చెప్పాలి. కొన్న మొదటి వారంలోనే మా అపార్ట్‌మెంట్ డ్రైనేజీ పైపుకి తలుపు అంచు కొట్టుకుని పెయింట్ లేచిపోయింది. అడ్డు తగిలితే ఆగే ఏర్పాటు ఉంది, కానీ అది తగిలాకే ఆగుతుంది. చాలా బండ్లలో ఎంత ఎత్తు వరకు తెరుచుకోవాలో మనం పెట్టుకోవచ్చు. కావలసిన చోట ఆపి, బీప్ వచ్చే దాకా బటన్ నొక్కి పట్టుకుంటే అదే గుర్తుపెట్టుకుంటుంది. ఇది డెలివరీ రోజునే చేయించుకోండి.

ఇంకో సంగతి. ఒకసారి హమాలీ అలవాటుగా రెండు చేతులతో డిక్కీని బలంగా కిందికి కొట్టాడు. అతని తప్పేం లేదు, నేను ముందే చెప్పాల్సింది. అప్పటినుంచి ఒక పక్క గరగరమనేది. ఇందులో షాకర్ల స్థానంలో మోటారు ఉన్న రాడ్లు ఉంటాయి. ఆ పక్కది మొత్తం మార్చాలన్నారు. పాత బండి షాకర్ల జత ఖర్చుకు పదింతలు పైనే అయింది. అందుకే వారంటీ పొడిగించుకునే వీలుంటే అందులో ఈ భాగం ఉందో లేదో చూసుకోండి.

బ్యాటరీ డౌన్ అయితే పవర్ డిక్కీ తెరుచుకోదని భయపెడతారు. నిజమే, కానీ ఇప్పుడు చేత్తో లేపే డిక్కీల్లోనూ చాలావాటికి లాక్ కరెంటుదే. ఏది కొన్నా, వెనక సీటు మడిచి లోపలినుంచి తెరిచే ఏర్పాటు ఎక్కడుందో షోరూమ్‌లో అడిగి చూసుకోండి.

హారియర్, సఫారీ, హెక్టర్, హైక్రాస్ లాంటి కార్లలో ఇది పై వేరియంట్లలోనే వస్తుంది. దాంతోపాటు వచ్చే మిగతావి మీకు ఎలాగూ కావాలనుకుంటే ఆలోచించక్కర్లేదు. కేవలం డిక్కీ కోసమే అయితే, అమ్మగారు వారానికి రెండు మూడు సార్లైనా ఒంటరిగా వాడతారా అన్నదే చూడండి. వాడితే నేనైతే లక్షన్నర పెడతాను. ఎప్పుడూ మీరు పక్కనుంటారంటే వద్దు, చేత్తో వేసేది తీసుకుని లోపలి పిడికి మూరెడు నవారు పట్టీ గట్టిగా కట్టండి. మా పాత బండికి అలాగే కట్టాను, చెయ్యి తలపైకి ఎత్తకుండా కిందికి లాగొచ్చు. మామూలు డిక్కీకి ఆటోనగర్‌లో బయట మోటారు కిట్ వేయించే ఆలోచన ఉంటే, వైర్లు కోస్తే వారంటీ ఉంటుందో లేదో షోరూమ్‌లో రాతపూర్వకంగా అడగండి.

షోరూమ్‌కి అమ్మగారిని తీసుకెళ్లి, కింది వేరియంట్ డిక్కీని ఆవిడ చేతే ఐదుసార్లు వేయించండి. మొదటిసారి అందరూ వేసేస్తారు, నాలుగోసారికి భుజం చెబుతుంది. బయల్దేరే ముందు మీ సెల్లార్‌లో నేల నుంచి బీము దాకా, పైపు దాకా టేపు పెట్టి కొలుచుకుని ఆ అంకె ఫోన్‌లో రాసుకెళ్లండి.