బక్కవాళ్లకి భయం లేదనుకోకండి

ప్రశ్న: మాది రాయగడ. మా వారికి 54 ఏళ్లు, బట్టల కొట్టు ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల గుండె లయ తప్పుతోందని, అబ్లేషన్ చేద్దామని విశాఖలో డాక్టరుగారు అన్నారు. ఈయన ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. ముందు బరువు తగ్గమన్నారు, నిద్ర పరీక్ష కూడా చేయించుకోమన్నారు. లావని వదిలేస్తారేమోనని ఈయనకి టెన్షన్. మా తోటికోడలు 42 కిలోలే, ఆవిడకి ఇదే చేస్తే గజ్జ దగ్గరంతా నల్లగా కమిలిపోయింది. మరి బరువుతో పనేముంది?

జవాబు: వదిలేయడం కాదమ్మా, దారి చదును చేసుకోమంటున్నారు. నేను పర్లాకిమిడిలో పెరిగినవాణ్ణి. బట్టల కొట్టులో పొద్దున్న పరుపు మీద కూర్చున్న మనిషి షట్టరు దించేదాకా లేవడని, నాలుగింటికి ఆలూచాప్ పొట్లం దానంతటదే వస్తుందని నాకు తెలుసు.

మీవారి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, దాదాపు 34. అది ఊబకాయం కిందకే వస్తుంది. అబ్లేషన్‌లో గజ్జలోని సిరలోంచి సన్నటి గొట్టాలు గుండెదాకా పంపి, లయ తప్పించే చోట్లని పనిచేయకుండా చేస్తారు. అక్కడ కొవ్వు మందంగా ఉంటే సిర లోతున ఉంటుంది, సూది పక్కనున్న ధమనికి తగలొచ్చు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గుచ్చితే ఆ భయం తగ్గుతుంది, కాబట్టి అలాగే చేస్తారా అని అడగండి. ఎక్స్‌రే మోతాదు కూడా లావు మనిషికి ఎక్కువ పడుతుంది. మత్తులో వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఇబ్బంది పెట్టొచ్చు. గురక పెట్టేవాళ్లకి నిద్ర పరీక్ష అడిగేది అందుకే. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండి, దానికి వైద్యం చేయకపోతే అబ్లేషన్ తర్వాత లయ మళ్లీ తప్పే అవకాశం ఎక్కువ.

నిజానికి నాకు బెంగ గజ్జ గాయం గురించి కాదు, ఈ తిరగబెట్టడం గురించే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ డాక్టర్లు 2015లో ప్రచురించిన పరిశీలనలో, బరువు 10 శాతమో అంతకు మించో తగ్గినవాళ్లకి లయ మళ్లీ తప్పకుండా ఉండే అవకాశం మిగతావాళ్లకన్నా ఆరు రెట్లు కనిపించింది. తగ్గడం, పెరగడం మధ్య ఊగినవాళ్లకి ఆ లాభం తగ్గింది. మీవారికి 10 శాతమంటే 9 కిలోలు. నెలలో దించేద్దామని పస్తులుండనివ్వకండి.

ఇక మీ తోటికోడలు. బక్కవాళ్లకి భయం లేదనేది పొరపాటు. గుండెలో గొట్టాలుండగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ని కిలోల లెక్కన ఇస్తారు. అయినా తక్కువ బరువు మనిషికి రక్తస్రావం ముప్పు ఎక్కువే. రక్తం పలచబరిచే అపిక్సబాన్ మాత్ర మోతాదు తేల్చేటప్పుడు కూడా వయసు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష)తో పాటు 60 కిలోల గీత చూస్తారు. కమిలిన మచ్చ చాలామందికి రెండు మూడు వారాల్లో పోతుంది. వాచి గట్టిపడినా, నొప్పి పెరుగుతున్నా వెంటనే చూపించాలి.

అన్నట్టు, రైలెక్కే ముందు రక్తం పలచబరిచే మాత్రని ఎవరో చెప్పారని మానేయకండి. అది ఆపాలా, ఏ పూట వేసుకోవాలా అన్నది చేసే డాక్టరు చెప్పాల్సిందే.