పాఠశాల పట్టాలు లేని ఆచార్యుడు

ప్రశ్న: ఇండోనేషియాలోని జావా దీవిలో అగస్త్యుని ఆరాధన గురించి ఆ దేశస్థుడే ఒకరు పరిశోధించి డాక్టరేట్ పొందారని విన్నాను. ఆయన ఎవరు? ఉన్నత పాఠశాల చదువు లేదన్న మాట నిజమేనా?

జవాబు: నిజమే. ఆయన పేరు పుర్బచరక. 1884లో మధ్య జావాలోని సురకర్త నగరంలో, రాజాస్థానంతో సంబంధమున్న కులీన కుటుంబంలో పుట్టారు. బడిలో చదివింది ప్రాథమిక విద్య వరకే. ఆస్థాన గ్రంథాలయమే ఆయనకు విద్యాలయమైంది. హెండ్రిక్ కెర్న్ అనే డచ్ పండితుని రచనల ద్వారా ప్రాచీన జావా భాషను స్వయంగా నేర్చుకొని, ఆస్థాన విద్వాంసులు పాత కావ్యాలకు చెబుతూ వచ్చిన అర్థాలలో పొరపాట్లున్నాయని ఎత్తిచూపారు. పెద్దలకు అది రుచించలేదు. పెద్దల మాటకు ఎదురు చెప్పడమే తప్పుగా భావించే సభలో ఒక యువకుడు అంత ధైర్యం చేయడం సామాన్యమైన విషయం కాదు.

ఆ తరువాత ఆయన బటావియాకు, అంటే నేటి జకార్తాకు, వెళ్లి పురావస్తు శాఖలో చేరారు. అక్కడి నుంచి హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయానికి జావా భాషా బోధనలో సహాయకుడిగా వెళ్లి, మామూలుగా కావలసిన అర్హతా పత్రాలు లేకపోయినా, 1926లో అగస్త్యునిపై రాసిన సిద్ధాంత గ్రంథంతో డాక్టరేట్ అందుకున్నారు.

ఆ విషయం ఎంత విలువైనదో ఒక శాసనం చూస్తే తెలుస్తుంది. తూర్పు జావాలోని మలాంగ్ సమీపంలో దొరికిన దినోయో శాసనం క్రీ.శ. 760 నాటిది, సంస్కృతంలో ఉంది. పూర్వులు దేవదారు కొయ్యతో చేయించిన అగస్త్య ప్రతిమ స్థానంలో గజయాన రాజు నల్లరాతి విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని అది చెబుతోంది. అంటే అప్పటికే అక్కడ ఆ ఆరాధన పాతదన్నమాట. ప్రాచీన జావా శాసనాల శపథ వాక్యాలలోనూ అగస్త్య మహర్షిని సాక్షిగా పిలిచేవారు. మధ్య జావాలోని ప్రంబనన్ శివాలయపు దక్షిణ గర్భగృహంలో ఆయన విగ్రహాన్ని నేటికీ చూడవచ్చు.

అయితే, నా దృష్టిలో, పుర్బచరక చేసిన పనులలో మిన్నయైనది 1932లో ప్రాచీన జావా రామాయణ కావ్యంపై ప్రచురించిన వ్యాసం. కెర్న్ ఆ కావ్యాన్ని చాలా తరువాతి కాలానికి చెందినదని భావించగా, భాషలోని ప్రాచీన లక్షణాలను పరిశీలించిన పుర్బచరక అది సుమారు క్రీ.శ. 900 నాటిదని వాదించారు; కావ్యంలోని లంకానగర ఆలయ వర్ణన ప్రంబనన్ ఆలయ సముదాయాన్ని గుర్తుకు తెస్తోందని కూడా గమనించారు. తన అభ్యాసానికి ఆధారమైన గురుతుల్యుని నిర్ణయాన్నే ఆయన ఇలా సవరించారు.

బటావియాకు తిరిగివచ్చాక తాళపత్ర, కాగితపు ప్రతులను ఓపికగా పరిశీలిస్తూ, జావా కథల్లో ప్రసిద్ధ నాయకుడైన పంజి రాకుమారుని కథల భిన్న రూపాలను, కంబోడియా పాఠంతో సహా, పోల్చి 1940లో ఒక గ్రంథం వెలువరించారు. ఇండోనేషియాకు స్వాతంత్ర్యం వచ్చాక ఆచార్యులయ్యారు. బాలిలోని దెన్‌పసార్‌లో సాహిత్య విభాగం ఏర్పడడానికి తోడ్పడ్డారు. 1952లో వెలువడిన జావా సాహిత్య చరిత్రను ఆయన తన మాతృభాషలోనే రాశారు. ఏ కావ్యం ఉత్తమమో, ఏది సాధారణమో అందులో నిర్మొహమాటంగా చెప్పారు. 1964లో కన్నుమూశారు. ఆయన నిర్ణయాలలో కొన్నిటిని తరువాతి పండితులు సవరించారు గాని, రామాయణ కావ్యం అంత ప్రాచీనమైనదన్న వాదాన్ని మాత్రం అధికులు నేటికీ అంగీకరిస్తున్నారు.